డ్రైవరు వెనక రెండు సీట్లు

బస్సుల కర్మాగారం వసతిగృహం,
రెండో అంతస్తు.

భూతద్దానికి,

ముందు తిట్లు. నెల తిరిగొచ్చింది, నీ దగ్గర్నుంచి ఉత్తరం ముక్క లేదు. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. అసలు మొగుడు ఎలాగూ రాయడు. అర్ధమొగుడివి నువ్వూ రాయకపోతే ఇక్కడ నేను ఎవరి మీద అలగాలి? ఫోను చేస్తే అది హాల్లో అందరి చేతులూ తిరుగుతుంది. అత్తయ్య "తిన్నావా" అంటారు, మీ అన్నయ్య "ఊఁ" అంటారు, నీ వంతు వచ్చేసరికి ఇక్కడ నా వెనక వరసలో నిలబడ్డవాళ్ళు దగ్గడం మొదలుపెడతారు. ఉత్తరమైతే మనిద్దరి మధ్యే ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. నేను గీసిన బస్సులు తయారయ్యాయి. పరీక్షకని మొదటి విడత మన ఊరికే వస్తోంది. నీ కళ్ళద్దాల షాపు ముందు నుంచి వెళ్ళే రూటులోనే తిప్పుతారట. నేను అడగలేదు, ఒట్టు. కొంచెం అడిగాను.

ఎక్కగానే నేరుగా ముందుకెళ్ళు. డ్రైవరు వెనక నిలువెత్తు అడ్డపలక ఉంటుంది. చీకటి పడ్డాక లోపలి దీపాలు ముందద్దంలో మెరిసి రోడ్డు కనబడటం లేదని డ్రైవర్లు ఎన్నాళ్ళుగానో మొత్తుకుంటున్నారు. ఆ వెలుతురు ఆపడానికే ఆ పలక. దాని వెనక రెండే రెండు సీట్లు, వాటికి బాగా ఎత్తయిన వీపులు. పైన "స్త్రీలకు" అని రాయించాను. ఇక్కడ అందరికీ అవి ఆడవాళ్ళ సీట్లని చెప్పాను గానీ నీకు నిజం చెబుతున్నా, అవి మన సీట్లు.

నన్నిక్కడికి పంపకముందు, మన ఊరి డిపోలో పనిచేసే రోజుల్లో సాయంత్రం మొదటి స్టాపులో ఎక్కి పక్క సీట్లో నా సంచి పెట్టేదాన్ని, గుర్తుందా? ఎవరడిగినా "వస్తున్నారండీ" అనేదాన్ని. షాపు దగ్గర నువ్వు ఎక్కి, సంచి తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదానివి. అప్పటికి నేను మీ ఇంటి కోడల్ని కాదు. బస్సులో పిల్లని చూసి అన్నయ్యకు తెచ్చిపెట్టిన ఆడపడుచువి లోకంలో నువ్వొక్కదానివేనేమో. పెళ్ళయ్యాక కూడా ఆ అరగంటే మనది. ఇల్లు చేరితే నేను కోడల్ని, నువ్వు కూతురివి. బస్సు దిగేదాకా మాత్రం ఊరికే ఇద్దరం.

ఆ అరగంట కోసం బెంగ పెట్టుకున్నాను. ఆ బెంగతోనే గీశాను ఆ మూల. ఎవరి చూపూ పడకుండా, ఎవరూ చెవి ఒగ్గి వినకుండా ఇద్దరు ఆడవాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ ఇల్లు చేరాలని. ఈ నమూనాకి పైవాళ్ళ ఆమోదముద్ర పడగానే నన్ను వెనక్కి పంపించేస్తారు. వానలు తగ్గేలోగా వచ్చేస్తాను. అప్పటిదాకా నా సీట్లో నీ సంచి పెట్టి ఉంచు.

నీ
వదిన


ఇల్లు,
మేడ మీద గది.

వదినా,

తిట్లు అందాయి. భద్రంగా దాచుకున్నాను. రాయకపోవడానికి కారణం బద్ధకం, ఇంకేమీ లేదు.

వచ్చింది! నిన్న సాయంత్రం స్టాపులో నిలబడి ఉంటే పెళ్ళికూతురులా మెల్లగా మలుపు తిరిగింది. ఎక్కి కండక్టరుతో "ఈ బస్సు మా వదిన గీసింది" అన్నాను. ఆయన టిక్కెట్టు చింపుతూ "అయితే మీ వదినగారికి చెప్పి నేను కూర్చోడానికి కూడా ఒక చోటు గీయించండమ్మా, పుణ్యముంటుంది" అన్నాడు. వినిపించుకోనట్టు నేరుగా ముందుకెళ్ళి మన మూలలో కూర్చున్నాను. వీపు మెత్తగా ఉంది. కిటికీ అద్దం ఇంకా కొత్త వాసన వేస్తోంది. పక్క సీట్లో సంచి పెట్టాను.

ఒక పెద్దావిడ వచ్చి "ఎవరైనా వస్తున్నారా అమ్మా?" అని అడిగింది. "వస్తున్నారండీ, వానలు తగ్గాక" అన్నాను. ఆవిడ నన్ను కింది నుంచి పై దాకా చూసి వెనక్కి వెళ్ళిపోయింది. పాపం అనిపించి పిలిచి కూర్చోబెట్టుకున్నాను. నీ సీటు కదా అని కొంచెం బాధగానే సర్దుకున్నాననుకో.

అమ్మ కులాసా. అన్నయ్య సంగతి తెలిసిందే, రోజంతా ఊళ్ళోవాళ్ళ గడియారాలకి మాట తెప్పిస్తాడు, ఇంటికొచ్చి తను మాట్లాడడు. కానీ ఒకటి చెబుతాను, నేను చెప్పానని చెప్పకు. నీ దిండు మీద తను తల పెట్టడు, ఇంకెవర్నీ పెట్టనివ్వడు. మొన్న మధ్యాహ్నం నేను కాసేపు నడుం వాల్చబోతే దిండు లాక్కుని బీరువాలో పెట్టాడు.

త్వరగా రా వదినా. షాపులో ఈ మధ్య నాకు కష్టమైన అద్దాలు ఇస్తున్నారు, ఒక్కో కంటికి రెండు చూపులుండేవి. మొదటిది అరగదీసి ఇచ్చిన రోజు ఎవరికి చెప్పుకోవాలో తెలీలేదు. ఇంట్లో చెబితే "మంచిది" అన్నారు. నువ్వైతే వంద ప్రశ్నలు అడిగేదానివి.

నీ
భూతద్దం


వసతిగృహం.

భూతద్దానికి,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో అడక్కు. వందడుగుతాను, కాచుకో. రెండు చూపుల అద్దం అరగదీసేటప్పుడు మధ్య గీత ఎలా దాస్తావు? చెయ్యి వణకదా? పెట్టుకున్న మనిషి మెట్లు దిగేటప్పుడు తడబడతాడా? అన్నీ రాయి.

ఇక్కడ నా తల ఎగురుతోంది. మన డ్రైవర్లు పలక గురించి మెచ్చుకుంటూ పంపిన మాట పెద్ద ఇంజనీరు అందరి ముందూ చదివారు. ఇదే నమూనాలో ఇంకా బోలెడు బస్సులు కట్టబోతున్నారు, మన ఊరికే కాదు, చాలా ఊళ్ళకి. వచ్చే నెల ముద్ర పడుతుంది. ముద్ర పడ్డ మర్నాడే నా పెట్టె సర్దుకుంటాను.

నమూనా బస్సు ఇప్పటికీ మా షెడ్డులోనే ఉంది. నువ్వు చూస్తే నవ్వుతావు. బ్రేకులూ బరువూ పరీక్షించడానికి సీట్లలో మనుషులంత ఇసుక బస్తాలు కూర్చోబెడతాం. భలే బుద్ధిమంతులు. ఒక్కటీ కిటికీ పక్క సీటు కోసం పోట్లాడదు, చిల్లర లేదనదు. మన మూలలో ఉన్న రెండింటికీ మన పేర్లే పెట్టాను. నీ బస్తా కొంచెం లావు.

మీ అన్నయ్య దిండు సంగతి నాకు తెలియనట్టే ఉంటాను. ఆ వాక్యం మాత్రం ఇంకోసారి చదివి పడుకుంటాను.

వదిన


ఇల్లు.

వదినా,

ఉత్తరం అందింది. బస్సు బాగుంది. అమ్మకి మోకాళ్ళ నొప్పి తగ్గింది. వానలు ముదిరాయి, మేడ గదిలో ఒక మూల కారుతోంది, గిన్నె పెట్టాం.

ఈ మధ్య సాయంత్రాలు నడిచి వస్తున్నాను. ఒళ్ళు కదలాలి కదా.

ముద్ర పడ్డ మర్నాడే బయల్దేరతానన్నావు, అది మాత్రం మాట తప్పకు. మిగతావేవీ రాయకపోయినా ఫర్వాలేదు.

నీ
మరదలు


వసతిగృహం.

అమ్మాయ్,

ఇది ఉత్తరమా, టెలిగ్రామా? సంతకంలో "మరదలు" ఏమిటి కొత్తగా? భూతద్దం ఎక్కడికి పోయింది?

పెరట్లో ఆరేసిన బట్టలు తేవడానికి కూడా నన్ను పంపే మనిషివి. అలాంటిది షాపు నుంచి ఇంటిదాకా, అంత వానలో, ఒళ్ళు కదలాలని నడుస్తున్నావా? ఎవరి చెవిలో పెడుతున్నావు పువ్వులు? నిన్న మీ అన్నయ్య ఫోన్లో, ఎన్నడూ లేంది, వరసగా మూడు మాటలు మాట్లాడారు. "బాగున్నావా? చెల్లి నడిచొస్తోంది. చెప్పులరిగిపోయాయి." ఆయన నోట మూడు మాటలు వచ్చాయంటే ఇంట్లో ఏదో జరుగుతున్నట్టే.

బస్సులో ఏదైనా ఇబ్బందా? తలుపు మెట్టు ఎత్తుగా ఉందా? చెప్పు, నేనేమీ అనుకోను.

వదిన


ఇల్లు.

వదినా,

ఇబ్బందేమీ లేదన్నాను కదా. తరచి తరచి అడగకు. ప్రతి ఉత్తరంలోనూ బస్సు, బస్సు. ఆ బస్సు తప్ప నీకింకేమీ లేదా?

షాపు మానేద్దామనుకుంటున్నాను. ఇంట్లో ఇంకా చెప్పలేదు. కళ్ళు నొప్పి పెడుతున్నాయి. చెబితే అన్నయ్య సంతోషంగానే సరే అంటాడు, అమ్మకి చేతికింద సాయం దొరుకుతుంది.

నువ్వు వచ్చెయ్. అంతే.


వసతిగృహం.

భూతద్దం,

ఆవగింజంత అద్దం ముక్కని కూడా వెలుతురుకి పట్టి చూసే నీ కళ్ళు నొప్పి పెడుతున్నాయంటే నేను నమ్మాలా? నీకు ఆ పని ఎంత ఇష్టమో నాకు తెలుసు. దాన్ని వదులుకుంటానన్నావంటే అది కళ్ళ సంగతి కాదు.

నీ ఉత్తరం పట్టుకుని ఈ రోజు భోజనాల వేళ షెడ్డుకి వెళ్ళాను. పని ఆగి ఉంది. ఫోర్‌మన్ ఒక్కడే నమూనా బస్సు డ్రైవరు సీట్లో కూర్చుని ఇంజను ఆడించి చూస్తున్నాడు. నేను మన మూలకి వెళ్ళాను. ఒక సంగతి చెబితే నమ్మవు. ఆ సీట్లు నేను గీశాను, కొలిచాను, రంగు ఎంచాను, డ్రైవరు సీట్లో కూర్చుని ముందద్దంలో వెలుతురు పడుతుందో లేదో పదే పదే చూసుకున్నాను. కానీ ఆ మూలలో ఒక్కసారీ కూర్చోలేదు. ఎప్పుడు చూసినా అక్కడ బస్తాలు ఉండేవి.

నీ బస్తాని కిందికి తోసి కిటికీ పక్కన నేను కూర్చున్నాను. పక్కన నా బస్తా. కాసేపు బాగానే ఉంది. తర్వాత లేచి వెళ్దామని చూశాను. ముందు పలక, వెనక సీటు వీపు, పక్కన బరువు. మోకాలు కదలడానికి కూడా చోటు లేదు. ఫోర్‌మన్‌ని పిలిచాను. పలకకి అవతల చెయ్యెడం దూరంలో ఉన్నాడు. ఇంకా గట్టిగా పిలిచాను. ఇంజను మోతలో అతనికి నా పిలుపే చేరలేదు. బెల్లు నొక్కుదామంటే అది పలకకి అవతలి వైపు ఉంది. అది అక్కడ పెట్టింది కూడా నేనే.

ఇసుక బస్తా చేతులు చాపదు. ఇసుక బస్తా మీద ఎవడూ చెయ్యి వెయ్యడు. అందుకే మాకు ఇన్నాళ్ళూ ఏమీ తెలియలేదు.

ఇప్పుడు చెప్పు తల్లీ. ఏం జరిగింది?

వదిన


ఇల్లు,
మేడ మీద గది.

వదినా,

చెబుతాను. ఒక్కసారే చెబుతాను, మళ్ళీ అడగకు.

ఆ రోజు పెద్ద వాన. బస్సు కిక్కిరిసి ఉంది. నేను కిటికీ పక్కన, నీ సీట్లో సంచి. ఒకతను వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో గొడుగు, చూస్తే ఎవరింట్లోనో పెద్దమనిషిలా ఉన్నాడు. ఎవరైనా వస్తున్నారా అని అడగను కూడా అడగలేదు. సంచి తీసి నా ఒళ్ళో పెట్టి నీ సీట్లో కూర్చున్నాడు. "ఇది ఆడవాళ్ళ సీటండీ" అన్నాను. "రద్దీగా ఉంది కదమ్మా, సర్దుకోవాలి" అన్నాడు.

తర్వాత చెయ్యి ఎక్కడెక్కడ పడిందో రాయను. నీకు అర్థమవుతుంది. లేవబోయాను, కాళ్ళు అడ్డం చాపాడు. అరిచాను వదినా. నా గొంతు నీకు తెలుసు కదా, మేడ మీంచి పిలిస్తే వీధి చివర పాలవాడు సైకిలాపుతాడు. ఆ గొంతు అక్కడ పలకకి కొట్టుకుని నా మీదే పడింది. డ్రైవరుకి వినబడలేదు. వెనక నిలబడ్డవాళ్ళకి ఎత్తు వీపు తప్ప నా తల కూడా కనబడదు. ఎవరైనా చూసినా భార్యాభర్తలనుకుని ఉంటారు. నా స్టాపు వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఇంకోటి, ఇంకోటి. చివరికి అతనే తాపీగా లేచి, గొడుగు విప్పుకుని దిగిపోయాడు. నేను ఆఖరి స్టాపులో దిగి వెనక్కి నడిచాను.

ఏడవలేదు. ఇంటికొచ్చి సంచి ఉతికాను.

నేనొక్కదాన్నే కాదు. ఇప్పుడు స్టాపులో కొత్త బస్సు వస్తే ఆడవాళ్ళమంతా ఒక అడుగు వెనక్కి వేస్తాం. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు, అయినా అందరం వేస్తాం. కిటికీలు ఊడిపోయే పాత డొక్కు బస్సు వస్తే ఎగబడతాం. మగవాళ్ళు "వీళ్ళకి మంచిది పెట్టినా గిట్టదు" అని నవ్వుతారు. పాత బస్సులు ఒక్కొక్కటే తీసేస్తున్నారు. అందుకే నడక. వానలో, చీకట్లో నడక కూడా సాగేలా లేదు. అందుకే షాపు మానేద్దామనుకున్నాను.

ఇక నీకెందుకు చెప్పలేదో కూడా చెబుతాను. సిగ్గుపడి కాదు. నువ్వు బాధపడతావని కూడా కాదు. చెబితే నువ్వు రావు. నీ సంగతి నాకు తెలీదా? గీసిన గీత వంకర పోతే చెరిపి మళ్ళీ గీసేదాకా భోజనానికి లేవవు. ఈ మాట తెలిస్తే ముద్ర ఆపించి, బస్సు సరిచేసేదాకా అక్కణ్ణుంచి కదలవు. ఆ సీటు పోతే పోయింది, నువ్వైనా రావాలనుకున్నాను. నా వదిన ఇంటికి రావాలంటే నేను నడవాలి, అంతే అనుకున్నాను.

అడిగి అడిగి చెప్పించావు. ఇప్పుడు నువ్వు రావు, తెలుసు.

నీ
భూతద్దం


వసతిగృహం.

నా భూతద్దానికి,

నీ ఉత్తరం చదివాను. అతని మీద కోపం ఎలాగూ ఉంది. అతని కోసం అంత చక్కగా గోడ కట్టిపెట్టిన నా మీద ఇంకా ఎక్కువ ఉంది. ఎవరి చూపూ పడకూడదని గీశాను. అతనికి కావలసిందీ అదే.

మర్నాడు పెద్ద ఇంజనీరు గదికి వెళ్ళాను. ఆయన ముద్ర కోసం పంపాల్సిన బస్సు పటాలు చుట్టబెడుతున్నారు. నీ సంగతి అని చెప్పలేదు, మా ఊళ్ళో ఇలా అవుతోందని చెప్పాను. ఆయన చెడ్డమనిషి కాదు. విని తల పట్టుకున్నారు.

"పలక తీసేస్తే డ్రైవర్లు ఊరుకోరమ్మా. వాళ్ళకి రోడ్డు కనబడకపోతే అందరి ప్రాణాలకీ ముప్పు. ఒక పని చేద్దాం. మగవాళ్ళు కూర్చోరాదని పెద్దక్షరాలతో బోర్డు పెట్టిద్దాం."

"బోర్డు ఇప్పుడూ ఉందండీ. ఆ బోర్డు కిందే కూర్చున్నాడు."

ఆయన చుట్టిన పటాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పారు. తర్వాత, "ఇప్పుడు ఆపితే మళ్ళీ మొదటికొస్తాం. నీ ప్రయాణం కూడా ఆగిపోతుంది, తెలుసు కదా?" అన్నారు. తెలుసన్నాను. కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. ఆయన పటాలు విప్పి బల్ల మీద పరిచారు. "సరే, ముందు ఆ బస్తాలు దింపించు" అన్నారు.

దింపించాను. వాటి చోట మనుషుల్ని ఎక్కించాను. టైపు గదిలోవాళ్ళు, క్యాంటీన్ ఆవిడ, ఊడ్చేవాళ్ళు, లెక్కల గదిలో నిండు చూలాలు, అందరూ ఆడవాళ్ళే. బస్సుని కర్మాగారం చుట్టూ తిప్పించి ఎవరికేం ఇబ్బందో అడిగాను. నోళ్ళు ఆగితే ఒట్టు! క్యాంటీన్ ఆవిడ పై కమ్మీ అందుకోలేక మునివేళ్ళ మీద నిలబడి, "ఇది ఎవడి ఎత్తుకి పెట్టారు? రెండు చేతులూ పైకెత్తి వేలాడుతుంటే ఇంక నన్ను నేను ఏ చేత్తో కాపాడుకోవాలి?" అంది. ఫోర్‌మన్ తల దించుకుని రాసుకున్నాడు.

మన డిపోకి కబురు వెళ్ళింది. ఇప్పుడు తిరుగుతున్న బస్సుల్లో ఆ రెండు సీట్లూ విప్పి తీసేస్తారు. ఆ మాట మీద సంతకం నేనే పెట్టాను. మన సీట్లు పీకెయ్యమని నా చేత్తోనే రాయాల్సి వచ్చింది.

నువ్వన్నట్టే అయింది. వానలు తగ్గేలోగా రాలేను. చలి మొదలయ్యేదాకా ఇక్కడే. రావాలని లేదనుకోకు. ఈ గదిలో ఒక కిటికీ ఉంది, అందులోంచి ఇంకో కిటికీ తప్ప ఏమీ కనబడదు. సాయంత్రమైతే నువ్వు ఎక్కే వేళైందని ఊరికే మంచం మీద పక్కకి జరిగి కూర్చుంటాను.

ఒక్కటి అడుగుతాను, కాదనకు. షాపు మానకు. నువ్వు మానేస్తే నేనిక్కడ ఎవరి కోసం ఆగినట్టు? ఇంట్లో కూడా చెప్పు. నేను ఫోన్లో చెప్పగలను, కానీ అది నీ నోటితో చెప్పాల్సిన మాట.

నీ
వదిన


ఇల్లు,
మేడ మీద గది. గిన్నె తీసేశాం, వాన తగ్గింది.

వదినా,

చెప్పాను.

అన్నయ్య గడియారం విప్పుకుని కూర్చున్నాడు. విన్నాడు. చేతిలో పట్టకారు అలాగే ఉంది. "రేపటి నుంచి వెళ్ళక్కర్లేదు. మానెయ్" అన్నాడు. అనుకున్నదే. నాకు ఏడుపొచ్చింది. బస్సులో అతని చేతిలో పడ్డ రోజు రాని ఏడుపు అప్పుడొచ్చింది.

అమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచి వచ్చింది. నీకు తెలుసుగా, అమ్మ అన్నయ్య మాటకి ఎదురాడదు. నిలబడి, "చెడింది బస్సురా. మార్చాల్సింది బస్సుని. పిల్లనెందుకు మారుస్తావు?" అంది. "అక్కడ నీ పెళ్ళాం ఇల్లొదిలి దాన్ని బాగుచేస్తూ కూర్చుంటే, ఇక్కడ నువ్వు దీన్ని ఇంట్లో కూర్చోబెడతావా?" అని కూడా అంది. అన్నయ్య గడియారం మూత పెట్టేసి బయటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు సాయంత్రం షాపు బయట నిలబడి ఉన్నాడు. నాతో బస్సెక్కాడు. ఆ రోజు నుంచి రోజూ వస్తున్నాడు. మాట్లాడడు, పక్కన నిలబడతాడంతే. బాగానే ఉంది, కానీ వదినా, నాకు కాపలా అక్కర్లేదు. నాకు కబుర్లు కావాలి. ఒకసారి నా రెండు చూపుల అద్దం గురించి చెప్పబోతే "ఊఁ" అన్నాడు. ఈయనతో కాపురం ఎలా చేస్తున్నావో నీకే తెలియాలి.

మన సీట్లు తీసేశారు. అక్కడిప్పుడు ఖాళీ నేల, బోల్టులు పీకిన గుర్తులు. పెద్దవాళ్ళు మూటలు పెట్టుకుంటున్నారు. నాకు భయం వేసిన చోటది, పోయినందుకు సంతోషించాలి కదా? ఆ గుర్తులు చూస్తే మాత్రం నువ్వే గుర్తొస్తున్నావు. నా కోసం గీసిందల్లా పీకేశారనిపించి కళ్ళు తుడుచుకున్నాను. అన్నయ్య చూసి జేబులోంచి రుమాలు తీసి ఇచ్చాడు. "వస్తుందిలే" అన్నాడు. ఒక్క మాటే.

షాపు మానలేదు.

నీ
భూతద్దం


వసతిగృహం. ఈ గది నుంచి ఇదే ఆఖరు.

భూతద్దానికి,

ముద్ర పడింది.

పెట్టె సర్దేశాను. రైలు టిక్కెట్టు కొనలేదు. కొత్త బస్సుని మన డిపోకి చేర్చే డ్రైవరుతో కలిసి ఆ బస్సులోనే వస్తున్నాను. ఏ సీట్లో కూర్చుంటానో చెప్పుకో చూద్దాం.

అవును, అవే. మళ్ళీ బిగించాం, అదే చోట. గోడ మాత్రం లేదు. పలక నడుం దాకా కోయించి, పైన ఏమీ పెట్టలేదు. దీపాలకి చిన్న మూతలు తొడిగాం, వెలుతురు ఒళ్ళోకి పడుతుంది, ముందద్దం మీదికి పోదు. డ్రైవర్లే నడిపి చూసి సరేనన్నారు. సీటు వీపులు భుజాల కిందికి దించాం. బెల్లు కిటికీ పక్కనే ఉంది, చెయ్యి చాపితే తగులుతుంది. కమ్మీ క్యాంటీన్ ఆవిడ ఎత్తుకి పెట్టాం. ఇప్పుడు ఆ సీట్లో కూర్చున్న మనిషి అందరికీ కనబడుతుంది. నీ సీటుని ఇక ఎవరికీ కనబడకుండా దాచను.

శుక్రవారం డిపోలో అప్పజెప్పాక సాయంత్రం ట్రిప్పు ఆ బస్సుతోనే వేస్తారట. మీ అన్నయ్యకి ఆ రోజు సెలవివ్వు. దిండు బీరువాలోంచి తీసిపెట్టమను. నువ్వు ఒక్కదానివే స్టాపులో నిలబడు. డొక్కు బస్సొస్తే ఎక్కకు.

వదిన


షాపు ఎదుట, బస్సు స్టాపు.

వదినా,

ఇది పోస్టులో వెయ్యను, చేతికే ఇస్తాను. ఊరికే నిలబడితే కాళ్ళు ఆగడం లేదు, అందుకని సంచిని బల్లగా చేసుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే ఏమనుకోకు.

డొక్కు బస్సు వచ్చి వెళ్ళింది. ఎక్కలేదు. పక్కనున్నావిడ "ఎక్కవేమ్మా?" అంది. "మా వాళ్ళు వస్తున్నారండీ" అన్నాను. ఎన్నాళ్ళకో ఆ మాట నా నోట అబద్ధం కాకుండా వచ్చింది.

నీకు చెప్పాల్సినవి ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుంటున్నాను. మధ్య గీత ఎలా దాస్తారో చెప్పాలి. అమ్మ నీ కోసం గది కడిగించింది. అన్నయ్య దిండు తీసి ఎండలో పెట్టాడు, నేను చూశానని తెలిసి మొహం అటు తిప్పుకున్నాడు.

అదిగో. మలుపు తిరుగుతోంది. స్టాపులో ఆడవాళ్ళందరూ అలవాటుగా ఒక అడుగు వెనక్కి వేశారు. నేను ముందుకి వేశాను. వాళ్ళు నన్నే చూస్తున్నారు.

వదినా, కనబడుతున్నావు! ఇంత దూరం నుంచే, డ్రైవరు భుజం మీంచి, ముందద్దంలోంచి. చిక్కిపోయావు. నీ పక్క సీట్లో ఏదో ఉంది. సంచే. ఎవరో వంగి నిన్నేదో అడుగుతున్నారు. నువ్వు తల అడ్డంగా ఊపుతున్నావు. వస్తున్నారండీ అంటున్నావు కదూ?

వచ్చేసిందని చెప్పు.